ఇస్త్రీ పెట్ట పిల్లలు

జూన్ 4

చెల్లాయికి,

అన్నయ్య రాస్తున్నాను. చెవులు తప్ప అన్నీ బాగానే ఉన్నాయి. అవి ఎలాగూ బాగుపడవు కాబట్టి ప్రతి ఉత్తరంలోనూ వాటి యోగక్షేమాలు అడగడం మానెయ్యి. ముప్పై నాలుగేళ్ళు ప్రెస్సులో మిషన్ల పక్కన నిలబడి అక్షరాలు పేర్చినవాడికి ఆ మాత్రం బహుమతి దక్కకపోతే ఎలా? ఫోను చేసి అరవొద్దు కూడా. నువ్వు అరిచేది నాకు తప్ప వీధి మొత్తానికి వినిపిస్తోందట.

ఈసారి నీ ఉద్యోగంతో పని పడింది. మా పెరట్లో కోళ్ళున్నాయి కదా. అందులో పుంజుకి ఈకలన్నీ వెనక్కి తిరిగి ఉంటాయి, ఎవరో ఎదురు దువ్వి వదిలేసినట్టు. దాని పేరు ఉంగరాలు. గోధుమరంగు పెట్ట ఒకటుంది. ఈక మీద ఈక అతికించినట్టు నున్నగా ఉంటుంది కాబట్టి దాన్ని ఇస్త్రీ అంటాను. ఆ ఇస్త్రీ మే నెలలో తొమ్మిది పిల్లల్ని చేసింది. మొదట్లో అన్నీ ఒకేలా పసుపు ఉండల్లా ఉన్నాయి. ఈకలు రావడం మొదలయ్యాక తేడా తెలిసింది. నాలుగింటికి తండ్రి గిరజాలు వచ్చాయి. మూడు నున్నగా ఉన్నాయి. మిగిలిన రెండిటికీ ఈక వచ్చింది వచ్చినట్టే విరిగిపోతోంది. వీపు మీద చర్మం కనబడుతోంది. 

కారణం నాకు తెలుసు. పక్కింటి కుట్టుమిషన్ ఆవిడ గోడ వెంట చీమల మందు చల్లింది. పిల్లలు అక్కడే మట్టిలో పొర్లుతాయి. మొన్నామధ్య ఆవిడ కొట్టుకి వెళ్ళి గట్టిగానే అడిగాను. నా గొంతు ఎంత గట్టిగా ఉందో నాకు తెలియదు కదా, కాస్త ఎక్కువే అయిందనుకుంటాను. నలుగురు బేరం వాళ్ళు కూడా ఉన్నారు. ఆవిడ నాలుగు రోజులుగా గోడ దగ్గరకి రావడం లేదు. రాకపోతే నాకేం? ఏప్రిల్లో కంటి ఆపరేషనుకి నేను ఆస్పత్రిలో ఉంటే పది రోజులు ఈ కోళ్ళని చూసింది ఆవిడే, ఇస్త్రీని పొదగేసిందీ ఆవిడే. అందుకని చీమల మందు చల్లొచ్చా?

ఇరవై రెండేళ్ళుగా కోళ్ళ ఫారంలో పొదిగే మిషన్ల మధ్య ఉన్నావు. విరుగుడు ఏదైనా ఉంటే వెంటనే రాయి.

నీ చెవిటి అన్నయ్య


జూన్ 12

అన్నయ్యా,

నీ ఉత్తరం భోజనాల వేళ అందింది. చదువుతూ తింటుంటే పచ్చడి చుక్క పడింది, అందుకే తిరిగి అడిగినా చూపించను.

చీమల మందు ఈక విరగ్గొట్టదు అన్నయ్యా. మందు తింటే కోడిపిల్ల మెడ వాల్చి ఒక్కరోజులో పోతుంది. ముందు ఆ రెండు పిల్లల్నీ వెలుతురులో పట్టుకుని ఈక మొదలు చూడు. పేలు ఉన్నాయా? ఎవరైనా పొడిచి పీకిన గాయం ఉందా? రెండూ లేక, కాడ మధ్యలో పుటుక్కున విరిగి మొండి మిగిలి ఉంటే, అది పుట్టుకతో వచ్చిన సంగతి.

నీకు అర్థమయ్యేలా చెప్తాను. ఏ పిల్లకైనా ఈక ఎలా ఉండాలన్నది తండ్రి నుంచి ఒక వంతు, తల్లి నుంచి ఒక వంతు వస్తుంది. మా పెద్దసారు జన్యువు అంటారు, మనం వంతు అనుకుందాం. గిరజాల వంతు ఒక్కటే వస్తే ఈక అందంగా వెనక్కి తిరుగుతుంది. ఇద్దరి దగ్గర నుంచీ వస్తే మాత్రం కాడకి బలం ఉండదు, ఎండుగడ్డిలా పెళుసైపోతుంది. నీ బోడి పిల్లలు అవేనని నా అనుమానం. మరి తల్లి కూడా గిరజాలదేనా? నువ్వు నున్నగా ఉందని రాశావు. సరిగ్గా చూసి చెప్పు.

ఈలోగా కుట్టుమిషన్ ఆవిడతో రాజీపడు. ఆ వీధిలో నీ మొహం వైపు తిరిగి, పెదవులు కనబడేలా, నింపాదిగా మాట్లాడేది ఆవిడ ఒక్కతేనని నువ్వే ఎన్నోసార్లు రాశావు. నాలుగు రోజులని లెక్కపెట్టావంటే ఎంత వెలితిగా ఉందో తెలుస్తూనే ఉంది. నాకేం అని రాసినవాళ్ళకే ఎక్కువ బెంగ ఉంటుంది.

నీ మాట వినని
చెల్లాయి


జూన్ 20

చెల్లాయికి,

ముందుగా ఒక మాట. నాకు అరవై ఆరేళ్ళు. బెంగ, వెలితి లాంటి మాటలు నేను బోలెడు కథల పుస్తకాలకి పేర్చాను. నా మీద వాడొద్దు.

నీ పాఠం మాత్రం మూడుసార్లు చదివాను. పేలు లేవు, గాయం లేదు. కాడలు నువ్వన్నట్టే మధ్యలో విరిగాయి. తల్లిని ఇటు తిప్పీ అటు తిప్పీ చూశాను. అచ్చం ఇస్త్రీ బట్ట. ఎక్కడా మడత లేదు. దాంతో నాకు ఒక్కసారిగా వెలిగింది. తల్లి నున్ననిదైతే ఆ రెండు పిల్లలూ దానివి కావు! అవి పుట్టిన గుడ్లు వేరే గిరజాల పెట్టవి. ఈ చుట్టుపక్కల గిరజాల పెట్ట ఎవరింట్లో ఉంది? కుట్టుమిషన్ ఆవిడ ఇంట్లో. కిందటేడు నేనే ఇచ్చాను, ఉంగరాల కూతురు. అది గోడ దూకి మా పుంజు దగ్గరకి వస్తుంటుంది. నేను ఆస్పత్రిలో ఉండగా పొదగేసింది ఎవరు? ఆవిడే. తన పెట్ట గుడ్లు నా పెట్ట కింద పెట్టి పొదిగించుకుంది.

వెళ్ళి అడిగాను. అవును, మళ్ళీ కొట్టులోనే. ఆవిడ ఏదో చెప్పబోయింది. "నాకు అంతా తెలిసింది, మా చెల్లెలు కోళ్ళ ఫారంలో పెద్ద ఉద్యోగి, గుడ్లు మార్చారని రాసింది" అన్నాను. అప్పుడు ఆవిడ చేతిలో బట్ట పక్కన పెట్టి, గోడ వైపు తిరిగి మాట్లాడింది. చెల్లాయ్, నా వైపు తిరగకుండా మాట్లాడింది. అంటే నాకు అందకూడదనే కదా.

సాయంత్రానికి గిరజాల పెట్ట మా గుమ్మంలో ఉంది, కాళ్ళకి గుడ్డపీలిక కట్టి. మర్నాడు గోడ మీద రేకు లేచింది. ఇప్పుడు నాకు అటువైపు రేకు తప్ప ఏమీ కనిపించదు.

గెలిచాననుకుంటున్నాను.

అన్నయ్య


జూన్ 29

అన్నయ్యా,

గుడ్లు మార్చారని నేనెప్పుడు రాశాను? తల్లి కూడా గిరజాలదేనా అని ఒక్క ప్రశ్న అడిగాను. నువ్వు దాని చివర ఉన్న ప్రశ్న గుర్తు పీకేసి తీర్పు చేశావు. అక్షరాలు పేర్చినవాడివి, ఇంత అచ్చుతప్పా?

నీ కళ్ళకి కట్టు ఉన్నన్నాళ్ళూ నీ కోళ్ళకి నూకలేసిన మనిషి. ఆస్పత్రికి రెండుపూటలా క్యారేజీ తెచ్చిన మనిషి. నాకు తల కొట్టేసినట్టుంది.

ఇప్పుడు శ్రద్ధగా చదువు. మూడు నున్నని, నాలుగు గిరజాలు, రెండు బోడి. తల్లీ తండ్రీ ఇద్దరి దగ్గరా ఒక్కొక్క గిరజాల వంతు ఉంటే సరిగ్గా ఇలాగే పుడతాయి. నీ లెక్క చూపిస్తే మా పెద్దసారు ఒక మాట చెప్పారు. గిరజాల వంతు ఉండి కూడా నున్నగా కనబడే కోళ్ళు ఉంటాయట. ఇంకో వంతు ఏదో లోపల కూర్చుని ఆ గిరజాన్ని అణిచేస్తుందట. అలాంటి కోడి బయటికి మామూలుగా ఉంటుంది, పిల్లల్లో మాత్రం బయటపడుతుంది. నీ ఇస్త్రీ అలాంటిదే అయివుండొచ్చు. మెడ మీద ఈకల కొసలు చూడు, చిన్న వంపు ఉండొచ్చు.

తేల్చుకోవాలంటే దారి ఒకటే. ఇస్త్రీని ఉంగరాలకి దూరంగా పెట్టి, పూర్తిగా నున్నని పుంజుతో వేరే గూట్లో ఉంచు. పాత పుంజు ప్రభావం కొన్నాళ్ళు ఉంటుంది, కాబట్టి మూడు వారాలు పెట్టిన గుడ్లు తినెయ్యి. ఆ తరవాతి గుడ్లు పొదిగించు. ఒక్క గిరజాల పిల్ల వచ్చినా అది తల్లి ఇచ్చిందే. ఇంటికొచ్చిన గిరజాల పెట్టని ఉంగరాలతో కలవనివ్వొద్దు, ఇంకా బోడి పిల్లలు పుడతాయి.

ఆ రెండిటినీ వెచ్చగా, పొడిగా ఉంచు. రోజూ కాస్త ఉడికిన గుడ్డు పెట్టు.

నువ్వు క్షమాపణ చెప్పవని నాకు తెలుసు. అందుకే ఆవిడ కొట్టు చిరునామాకి నేనే ఒక ఉత్తరం రాశాను, మా అన్నయ్య తరఫున మన్నించండి అని. కోపగించుకోకు.

చెల్లాయి


జూలై 8

చెల్లాయికి,

కోపగించుకోకు అని రాసి కోపం తెప్పించే పని చేయడం మన అమ్మ దగ్గర నేర్చుకున్నావు.

నా తరఫున మన్నింపు అడగమని నిన్నెవరు అడిగారు? ఆవిడ నీ ఉత్తరం పట్టుకుని గేటు దగ్గరకి వచ్చింది. ఇన్నాళ్ళకి నా మొహం చూసి మాట్లాడింది కాబట్టి ప్రతి ముక్కా అందింది. "అనేటప్పుడు మీ నోటితో అన్నారు. మన్నించమనడానికి చెల్లెమ్మ చేత రాయించుకోవాలా? నోరు పడిపోయిందా?" అంది. నాకేం తెలియదు, నేను రాయించలేదు అన్నాను. "అయితే మీకు మన్నించమనాలని కూడా లేదన్నమాట" అని వెళ్ళిపోయింది. చూశావా? నువ్వు ఒక గొయ్యి తవ్వావు, నేను వెళ్ళి పడ్డాను.

బోడి పిల్లల్లో ఒకటి నిన్న పోయింది. రాత్రి వాన జల్లు గూట్లోకి కొట్టింది. మిగతావి తడిసినా దులుపుకున్నాయి. దానికి దులుపుకోవడానికి ఏముంది? రెండోదాన్ని వంటింట్లో పొయ్యి పక్కన అట్టపెట్టెలో పెట్టాను.

రొట్టెల బట్టీ ఆయన దగ్గర నున్నని పుంజుని అడిగి తెచ్చాను. ఇస్త్రీ మెడ భూతద్దంతో చూశాను. మూడు ఈకల కొసలు వంగినట్టున్నాయి, లేనట్టూ ఉన్నాయి. ఇది నువ్వు తప్పని రుజువు చేయడానికే చేస్తున్నాను.

అన్నయ్య


జూలై 17

అన్నయ్యా,

పొరపాటు నాదే. నీ మాట నువ్వే చెప్పుకోవాలి. నేను మధ్యలో దూరాను. ఆవిడకి కూడా ఇక రాయను.

ఆ రెండో పిల్లని బతికించు. ఎందుకంటున్నానో చెప్తాను. ఇక్కడ మా పని ఏమిటో నీకెప్పుడూ సరిగ్గా రాయలేదు. మిషన్లోంచి పిల్లలు బయటికొచ్చాక ట్రేలు మా బల్ల మీదకి వస్తాయి. చురుగ్గా ఉన్నవి కుడివైపు పెట్టెలోకి, వంకర కాళ్ళవీ మూసుకున్న కళ్ళవీ ఎడమవైపు పెట్టెలోకి. ఎదిగే గదిలో కూడా అంతే. బోడివి కనబడితే ఎడమవైపు. ఒక్కో పిల్లని చేతిలోకి తీసుకుని చూడటానికి మూడు సెకన్లు ఇస్తారు. ఇరవై రెండేళ్ళలో ఎన్నింటిని ఎడమవైపు వేశానో నాకు తెలియదు. అలాంటి ఒక్కదాన్ని ఉంచి చూస్తే ఏమవుతుందో మాత్రం ఎప్పుడూ చూడలేదు. నాకు చూడాలని ఉంది.

వానాకాలం దాటేదాకా దాన్ని బయటికి వదలొద్దు. ఒంటి మీద కాస్త ఏదైనా కప్పు. మిగతా పిల్లలతో ఉంచితే చర్మం కనబడ్డచోటల్లా పొడుస్తాయి. కానీ మరీ ఒంటరిగా ఉంచితే దిగులుపడి తినడం మానేస్తుంది. ఒక నెమ్మదస్తురాలిని చూసి తోడు పెట్టు.

నీ చెల్లాయి


ఆగస్టు 14

చెల్లాయికి,

ఆలస్యానికి కారణం కోపం కాదు. అది ఎప్పుడో పోయింది. రాయడానికి ఏమీ లేక.

ఈ నెల ఏడున పది గుడ్లు తెల్ల పెట్ట కింద పెట్టాను. అన్నీ ఇస్త్రీవే, పెన్సిలుతో తేదీలు వేశాను. బోడిది బతికే ఉంది. మిగతా పిల్లల్లో సగం ఉంటుంది, తిండికి మాత్రం రెండింతలు. దానికి తోడుగా నున్నని పిల్లల్లో ఒకదాన్ని పెట్టాను. రాత్రి దాని రెక్క కిందకి దూరి పడుకుంటోంది.

ఒక సంగతి జరిగింది. కిందటి మంగళవారం గేటుకి ఒక కాగితం పొట్లం వేలాడుతోంది. విప్పితే అరచెయ్యంత కోటు. పాత దుప్పటి గుడ్డ, లోపల మెత్తటి అస్తరు, రెక్కలకి రెండు కంతలు, పొట్ట కింద టిచ్‌బటన్. కాగితం మీద ఒక్క అక్షరం లేదు. నాకు ఒళ్ళు మండింది. బోడి కోడిని పెంచుతున్నానని వెక్కిరింపు అనుకున్నాను. తీసి బీరువా మీద పడేశాను. రెండు రోజులకి చలిగాలి తిరిగింది. పొయ్యి పక్కన కూడా అది వణుకుతుంటే చేసేది లేక కోటు తొడిగాను. చెల్లాయ్, ఎక్కడా బిగువు లేదు, వదులు లేదు. రేకు సందులోంచి మా వంటింటి కిటికీలోకి చూసి కొలత తీసుకుందంటావా? వెక్కిరించడానికి ఎవరూ అస్తరు వేసి కుట్టరు కదా.

వెళ్ళి ఏమైనా చెప్పాలి. ఏం చెప్పాలో తెలియడం లేదు. గుడ్ల సంగతి తేలనీ.

అన్నయ్య


సెప్టెంబరు 18

చెల్లాయికి,

ఎనిమిది పిల్లలు. అందులో అయిదింటికి గిరజాలు. బోడిది ఒక్కటీ లేదు. తండ్రి రొట్టెల బట్టీ పుంజు, దాని ఒంటి మీద వంకర ఈక ఒక్కటి లేదు. అంటే నువ్వూ మీ పెద్దసారూ గెలిచారు. ఇస్త్రీ ఇన్నాళ్ళూ నా కళ్ళెదుటే తిరిగిన గిరజాల పెట్ట.

నిన్న ఇస్త్రీని చంకలో పెట్టుకుని కొట్టుకి వెళ్ళాను. ముగ్గురు బేరం వాళ్ళున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగుదామనిపించింది. కానీ నేను అన్నది జనం ముందు కదా, కాబట్టి ఆగలేదు. "ఆ రోజు వీళ్ళలాంటి వాళ్ళ ముందే మిమ్మల్ని దొంగని చేశాను. గుడ్లు మీరు మార్చలేదు. పిల్లలు ఈ పెట్టవే. తప్పు నాది, నోరు నాది. మన్నించండి" అన్నాను. మిషను చక్రం ఆగింది. 

ఆవిడ లేచి వచ్చి నా ఎదురుగా నిలబడింది. "ఇది గిరజాలదని నాకు కిందటేడే తెలుసు" అంది.

"ఎలా?"

"ఈక రాల్చి కొత్తది వేసుకున్నప్పుడు పది రోజులు మెడంతా చుట్టలు తిరిగింది. తరవాత అణిగిపోయింది. మా నాయనమ్మ ఇలాంటి వాటిని గిరజాల పుంజుతో ఉంచనిచ్చేది కాదు. బోడివి పుడతాయనేది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పానండీ. గోడ దగ్గర నిలబడి చెప్పాను. మీరు గింజలు చల్లుతూ తల ఊపారు. అలాగే, అలాగే అన్నారు. తెలిసి కూడా కలిపి ఉంచారంటే మీ ఇష్టం అనుకున్నాను. పొదగేసేటప్పుడు కూడా అదే అనుకున్నాను."

 అది నిజం. ఆవిడ పెదవులు కనబడని రోజున కూడా నేను తల ఊపుతాను. అందరికీ ఊపుతాను. పాలవాడికి, బ్యాంకులో అమ్మాయికి, డాక్టరుకి. మళ్ళీ చెప్పమని అడిగితే ఎదుటివాళ్ళ మొహంలో వచ్చే విసుగు చూడలేక ఊపేస్తాను. మూడేళ్ళుగా ఇదే బతుకు. నీకు ఇది రాయడానికే సిగ్గుగా ఉంది, ఎదురుగా ఉంటే చెప్పేవాణ్ణి కాదు.

ఆ మాట ఆవిడతో కూడా అన్నాను. ఆవిడ కాసేపు ఇస్త్రీ మెడ నిమిరింది. తరవాత ఏదో అంది. బేరం వాళ్ళు నవ్వారు. అలవాటుగా తల ఊపబోయాను. ఊపకుండా, "వినపడలేదు, మళ్ళీ చెప్పండి" అన్నాను. చెప్పింది. "ఆ రొట్టెల బట్టీ పుంజుని ముందు తిరిగిచ్చెయ్యండి. తెల్లారగట్ల మూడింటి నుంచి కూస్తోంది. మీకేం, హాయిగా పడుకుంటారు. రెండు నెలలుగా వీధి వీధంతా జాగారం!"

సాయంత్రం రేకు తీసేసింది. గిరజాల పెట్ట తన ఇంటికి తాను వెళ్ళిపోయింది.

చెల్లాయ్, ఇక నీ సంగతి. కిందటేడు నువ్వు వచ్చి వెళ్ళేటప్పుడు బస్టాండులో చాలాసేపు ఏదో చెప్పావు. బస్సులన్నీ ఇంజన్లు వేసుకుని ఉన్నాయి, నువ్వు తల దించుకుని మాట్లాడావు. మధ్యలో కళ్ళు తుడుచుకున్నావు. చివర్లో నా చెయ్యి పట్టుకుని అడిగావు. నేను తల ఊపాను. అలాగే అన్నాను కూడా.

నాకు ఒక్క ముక్క వినపడలేదు. ఏం అడిగావు? రాయి.

అన్నయ్య


సెప్టెంబరు 27

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వొచ్చింది, తరవాత చాలాసేపు ఏడ్చాను. ఏడాదిగా నేను ఎన్ని కథలు అల్లుకున్నానో నీకేం తెలుసు.

ఆ రోజు అడిగింది ఇదీ. ఈ అక్టోబరు నెలాఖరుకి నా ఉద్యోగం అయిపోతుంది. ఫారం వాళ్ళ క్వార్టరు ఖాళీ చేసెయ్యాలి. ఇక్కడ నాకు పనివాళ్ళు, పిల్లకోళ్ళు తప్ప ఎవరూ లేరు. నీ వెనక గదిలో ఉండనిస్తావా, నీకు భారం అనుకుంటే మొహమాటం లేకుండా చెప్పు అన్నాను. నువ్వు అలాగే అన్నావు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ తరవాత ఇన్ని ఉత్తరాల్లో ఒక్కసారైనా ఆ ఊసు ఎత్తలేదు. గది సంగతి లేదు, ఎప్పుడొస్తావన్న మాట లేదు. కాదనలేక తల ఊపాడు, లోపల ఇష్టం లేదు అనుకున్నాను. మళ్ళీ అడగడానికి మొహం చెల్లలేదు. అద్దె గదులు వెతుక్కుంటున్నాను.

ఇప్పుడు కాగితం మీద అడుగుతున్నాను. ఇక్కడ ఇంజన్ల మోత లేదు. నిజంగా ఆలోచించుకుని రాయి.

చెల్లాయి


అక్టోబరు 4

చెల్లాయికి,

ఆలోచించుకోవడానికి ఏమీ లేదు. నీ ఉత్తరం అందిన గంటకే వెనక గదిలో పాత పేపర్లన్నీ బయటికి వేశాను. నిన్న సున్నం వేయించాను. కిటికీకి పరదా కావాలంటే కుట్టుమిషన్ ఆవిడ కొలతలు తీసుకెళ్ళింది, ఏ రంగో నిన్ను అడిగి రాయమంది. తలుపు వానకి ఉబ్బి పడటం లేదు, వడ్రంగిని రేపు రమ్మన్నాను.

కోటు వేసుకున్నది ఈ గదిలోనే ఉంటోంది. నువ్వు వచ్చేదాకా దాన్ని కదపను. చూడాలని ఉందన్నావుగా.

అద్దె గదుల వాళ్ళకి వద్దని చెప్పెయ్యి. బయలుదేరే తేదీ, బస్సు వేళ పెద్ద అక్షరాలతో రాయి. బస్టాండుకి నేనే వస్తాను. దిగాక అక్కడేమీ చెప్పకు, ఇంటికొచ్చాక నా ఎదురుగా కూర్చుని మొదటి నుంచి చెప్పు. వినపడకపోతే అడుగుతాను.

నీ అన్నయ్య